ఇంకొక్క బోరు వేద్దామా?

టీచరమ్మతో నాలుగు మాటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: టీచరమ్మా, నమస్తే. మాది చండూరు దగ్గర పల్లె. ఐదెకరాల బత్తాయి తోట ఉంది. మొదట వేసిన బోరులో రెండించుల నీళ్లు పడ్డాయి. అప్పుడు తోట రెండెకరాలే. నీళ్లున్నాయి కదా అని ఐదెకరాలు చేశాను. ఆ బోరు తగ్గుతూ తగ్గుతూ వచ్చి పోయిన ఎండాకాలం పూర్తిగా ఎండిపోయింది. తర్వాత మూడు బోర్లు వేయించాను. ఒకదాంట్లో దుమ్ము, ఇంకోదాంట్లో తడి, మూడోది ఏడు వందల ఫీట్లు పోయినా చుక్క లేదు. అప్పు ఆరు లక్షలు దాటింది. ఇంకొక్కటి వేస్తే పడుతుందని మనసు చెబుతోంది. నా కొడుకు ఫోన్లో బుద్ధుడి మాటలు వింటుంటాడు. ‘నీది ఆశ నాన్నా, వదిలెయ్’ అంటాడు. రైతు ఆశ వదిలితే తోట బతుకుతుందా? ఒక్కోసారి ఇదంతా వదిలేసి ఎటన్నా పోవాలనిపిస్తుంది.
– ఒక రైతు, చండూరు మండలం

జవాబు: తమ్ముడూ, మీ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. ‘ఇదంతా వదిలేసి పోవాలి’ అని మనసు అన్నప్పుడు అది వైరాగ్యంలా వినిపిస్తుంది. బుద్ధుడు దాన్ని కూడా తృష్ణ లెక్కలోనే వేశాడు. సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చేసిన మొదటి ఉపదేశంలో దుఃఖానికి కారణం తృష్ణ అని చెప్పి, దానికి మూడు రూపాలు చూపించాడు. సుఖాలు అనుభవించాలన్నది ఒకటి. ఏదో ఒకటి అయిపోవాలన్నది రెండోది. ఏదీ లేకుండా పోవాలన్నది మూడోది. ఆ మూడోదాని మాట వినాల్సిన పని లేదు. అలాంటి ఆలోచన వచ్చిన రాత్రి పొలం దగ్గర ఒక్కరే పడుకోకండి. పురుగుమందు డబ్బాలు కొన్నాళ్లు అన్నదమ్ముల ఇంట్లో పెట్టించండి. కొడుక్కి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416. ఏ వేళైనా చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఈ పని అయ్యాకే మిగతా జవాబు చదవండి.

ఇక మీ అబ్బాయి మాట. పిల్లవాడు మంచివాడే గానీ సగమే విన్నాడు. ఎండుతున్న చెట్టుకు నీళ్లు కావాలనుకోవడాన్ని బుద్ధుడు ఎక్కడా తప్పుపట్టలేదు. బౌద్ధుల పాలి గ్రంథాల్లో తణ్హా, అంటే తృష్ణ, పక్కన ఛందం అనే మాట ఉంది. పని చేయాలన్న పూనిక, ఇష్టం అని దాని అర్థం. అదే ఛందం కొన్నిచోట్ల చెడ్డ కోరికకూ వాడారు కాబట్టి పేరు చూసి మంచీ చెడూ తేల్చలేం. నడత చూడాలి.

నడత చూడటం ఎలాగో బుద్ధుడి శిష్యుడు ఆనందుడు ఒకచోట చెప్పాడు. కోశాంబిలో ఘోషితారామం అనే విహారానికి ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు వచ్చి, ‘మీ సాధన దేనికోసం?’ అని అడుగుతాడు. ‘కోరికను వదలడానికి’ అంటాడు ఆనందుడు. ‘దారేమిటి?’ అంటే నాలుగు ఇద్ధిపాదాలు చెబుతాడు. సాధన నిలబడే ఆధారాలు అవి: ఛందం, వీర్యం (గట్టి ప్రయత్నం), చిత్తం (మనసు పెట్టడం), వీమంస (పరిశీలన). మొదటిదే కోరిక! బ్రాహ్మణుడు ఊరుకుంటాడా? ‘కోరికతో కోరికను వదలడమా? అయితే ఇది తెగే వ్యవహారం కాదు’ అంటాడు. అప్పుడు ఆనందుడు అడుగుతాడు: ‘ఈ ఆరామానికి రావాలని మీకు ముందు కోరిక ఉండిందా?’ ఉండింది అంటాడాయన. ‘వచ్చాక ఆ కోరిక ఏమైంది?’ శాంతించింది అంటాడు. రావడానికి చేసిన ప్రయత్నం, పెట్టిన మనసు, చేసిన ఆలోచన, అన్నీ చేరగానే శాంతించాయి.

మీ ఉత్తరాన్ని దీని పక్కన పెట్టి చూడండి. రెండెకరాల తోటకు నీళ్లు కావాలనుకున్నారు. రెండించులు పడ్డాయి. ఆ కోరిక ఆ రోజే శాంతించాలి. కానీ అది పక్క మూడెకరాల్లోకి నడిచింది. బత్తాయికి రేటున్న రోజుల్లో మన జిల్లాలో అందరూ చేసిన పనే అది, మిమ్మల్ని అనడానికి నాకు నోరు రాదు. అయినా తేడా తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు మీ మనసులో రెండు కోరికలు ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి. చెట్లను బతికించుకోవాలన్నది ఒకటి. మూడు బోర్లలో పోయిన డబ్బును నాలుగో బోరులోంచి తీయాలన్నది ఇంకొకటి. ‘ఇన్ని పోయాయి కాబట్టి ఈసారి పడి తీరాలి’ అని ఈ రెండోది లెక్క వేస్తుంది. రాయికి మన లెక్కలతో పని లేదు. ఊళ్లో ‘వాడి బోరు పడింది’ అనిపించుకోవాలన్న పట్టుదల కూడా కొంచెం ఉందేమో, మీరే చూసుకోండి.

ఈ రెంటినీ విడదీయడానికి ఇద్ధిపాదాల్లో నాలుగోది పనికొస్తుంది. వీమంస, అంటే పరీక్షించి చూడటం. మంచి కోరిక పరీక్షకు కూర్చుంటుంది, ‘వద్దు’ అనే జవాబు వచ్చినా వింటుంది. తృష్ణకు పరీక్ష అంటేనే చిరాకు. కాబట్టి పరీక్ష పెట్టండి. మన నేల కింద ఉన్నది గ్రానైట్. నీళ్లు ఉండేది పైన మెత్తబడ్డ పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. ‘ఇంకా కిందికి పోతే గంగ ఉంది’ అన్నది మన ఊళ్లలో మాటే గానీ రాయి అలా చెప్పదు. భూగర్భ జల శాఖ వాళ్లను అడిగి సర్వే చేయించండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా కావాలి. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నడిచే ఆయన మీ తోటలో నీళ్లు లేవని చెప్పిన రోజు నాకు తప్పకుండా ఉత్తరం రాయండి, అచ్చు వేయిస్తాను.

సర్వేలో ఫలానా చోట అవకాశం ఉంది అన్నారే అనుకుందాం. అప్పుడు కూడా అసలు గండం రిగ్గు దగ్గరుంది. రాత్రి రెండింటికి ఐదు వందల ఫీట్లు దిగాక మిషన్ ఆపి, ‘ఇంకో వంద పోదామా అన్నా?’ అని అడుగుతారు. లోతు పెరిగితే ఫీటు రేటు కూడా పెరుగుతుంది. బుద్ధుడు చెప్పిన కార్యకారణ వరుసలో స్పర్శ నుంచి వేదన, వేదన నుంచి తృష్ణ, తృష్ణ నుంచి ఉపాదానం పుడతాయి. ఇక్కడ వేదన అంటే హాయిగానో కష్టంగానో రెండూ కాకుండానో తగిలే అనుభవం. ఉపాదానం అంటే పట్టుకున్నది వదలకపోవడం. ‘ఇంకో వంద’ అన్న మాట చెవిలో పడింది, స్పర్శ. గుండె దడ, కడుపులో బరువు, ఏదో ఆశగా ఒళ్లు వెచ్చబడటం, ఇవి వేదన. ‘కానీయ్’ అని నోట్లోంచి వచ్చిందే తృష్ణ. దడకూ ‘కానీయ్’కూ మధ్య కొంచెం ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని పట్టుకునేదే ఎరుక. పాలిలో సతి అంటారు. దడ పుట్టినప్పుడు ‘ఇది దడ’ అని తెలుసుకుని, రెండు ఊపిర్లు పూర్తిగా తీసుకుని వదలడమే అక్కడ చేయగలిగిన ధ్యానం.

నిద్ర లేని మనిషికి ఆ మోతలో అది కుదరదని నాకూ తెలుసు. అందుకే ఎంత లోతు వరకు అన్నది పగటిపూట, అన్నం తిన్నాక, భార్య, కొడుకు కూర్చుని ఉండగా తేల్చండి. కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికివ్వండి. రాత్రి రిగ్గు వాళ్లకు జవాబు చెప్పేది ఆమె.

బోరు అసలు వేయకపోవడం కూడా ఆ కాగితం మీద ఒక లెక్కగా ఉండాలి. మూడెకరాల చెట్లు వదులుకుని వానాకాలం కంది వేస్తే ఎంత? మంచి రెండెకరాలకు డ్రిప్ పెట్టి ట్యాంకరు నీళ్లు కొంటే ఎంత? ఉద్యాన శాఖ వాళ్లతో కూర్చుని రాసుకోండి. అనాథపిండికుడనే వర్తక శిష్యుడికి బుద్ధుడు గృహస్థుల సుఖాలు నాలుగు చెప్పాడు: సంపద ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, నిందలేని నడవడి. అప్పు లేకపోవడాన్ని సుఖాల జాబితాలో రాసిన మనిషికి మన ఊళ్ల సంగతి తెలియదని ఎవరంటారు?

ప్రశ్న: టీచర్‌గారూ, నాకు చీరల పిచ్చి. వాట్సాప్‌లో మూడు గ్రూపుల్లో ఉన్నాను. ‘సింగిల్ పీస్ అక్కా, వెంటనే బుక్ చేయండి’ అని మెసేజ్ వస్తే చేయి ఆగదు. నారాయణపేట, గద్వాల చీరలే బీరువా నిండా ఉన్నాయి. సగం చీరలకు ఫాల్ కూడా కుట్టించలేదు. పార్సిల్ విప్పేసరికే సంతోషం అయిపోతుంది. మావారు ‘కోరికలే దుఃఖానికి మూలం అని బుద్ధుడే అన్నాడు’ అని రోజూ అంటారు. చీరలు మానేయాలా?
– ఒక గృహిణి, వనపర్తి

జవాబు: అమ్మా, భార్య చీర కొన్న రోజే మగవాళ్లకు బుద్ధుడు గుర్తుకు రావడం నేను చాలా ఇళ్లలో చూశాను. మీవారికి దీఘజాణు కథ వినిపించండి. కోలియులనే తెగ వాళ్ల ఊళ్లో ఆయన బుద్ధుడి దగ్గరకు వెళ్లి దాపరికం లేకుండా అడిగాడు: స్వామీ, మేం గృహస్థులం, పిల్లల మధ్య పడుకునేవాళ్లం, కాశీ చందనం పూసుకుంటాం, పూలదండలు వేసుకుంటాం, వెండి బంగారాలు పుచ్చుకుంటాం, మాలాంటి వాళ్లకు పనికొచ్చేది చెప్పండి. చందనం కడుక్కుని రా అని బుద్ధుడు అనలేదు. నాలుగు సంగతులు చెప్పాడు. చేసే పనిలో నేర్పు, సంపాదించినది కాపాడుకోవడం, మంచివాళ్ల స్నేహం, రాబడికి తగిన బతుకు. కొద్ది రాబడితో దర్జా చేసేవాణ్ని ఎంత తప్పుపట్టాడో, బోలెడు రాబడి ఉండి పేదలా బతికేవాణ్నీ అంతే తప్పుపట్టాడు. ఈ రెండో సగం మీవారికి కొంచెం గట్టిగా చదివి వినిపించండి.

అయితే మీ చేయి ఆగడం లేదన్నది నిజం, దానికి మీరే జవాబు చెప్పుకోవాలి. కురు దేశంలో కమ్మాసధమ్మం అనే ఊళ్లో చేసిన సతిపట్ఠాన ఉపదేశంలో, అంటే ఎరుకను నిలుపుకోవడం గురించిన ఉపదేశంలో, కామచ్ఛందం (సుఖాల మీది కోరిక) గురించి ఒక సూచన ఉంది. అది లోపల ఉన్నప్పుడు ‘ఉంది’ అని, లేనప్పుడు ‘లేదు’ అని తెలుసుకోవాలి. తిట్టుకోమని లేదు, అణచుకోమనీ లేదు. ఎలా పుట్టింది, ఎలా పోయింది, మళ్లీ రాకుండా ఎలా ఉంటుంది అన్నది గమనించాలి. ఫోన్ టింగుమన్నప్పుడు మీ వేళ్లు ఏం చేస్తున్నాయో చూడండి. ‘సింగిల్ పీస్’ అన్న మాట చదవగానే కంగారు ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఎవరో ‘బుక్డ్’ అని పెట్టగానే కలిగే ఆ చిన్న నొప్పిని మరీ జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే మీరు డబ్బు కట్టేది చాలాసార్లు ఆ నొప్పి తప్పించుకోవడానికే. దురద గోకితే సుఖమే, అసలు దురదే లేకపోతే ఇంకా సుఖం అన్నాడు ఆచార్య నాగార్జునుడు, ఒక రాజుకు ఉపదేశంగా రాసిన రత్నావళిలో. మన సాగర్‌కు ఆయన పేరే పెట్టుకున్నాం, ఆ మాట మాత్రం మనకు చేరలేదు.

చీర మీద ఇష్టం చంపుకోవద్దు. గద్వాల చీర తీసి చూడండి, నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు విడిగా నేసి ఎలా కలిపారో. అది చూసి ఆనందించే మనసు మంచి మనసు. ఫాల్ కుట్టించి, పెళ్లీ పేరంటం లేని మామూలు మంగళవారం కట్టుకోండి. ఇంట్లో ఉన్నవన్నీ ఒకసారి ఒంటి మీదికి వచ్చేదాకా కొత్తది వద్దని నియమం పెట్టుకోండి. మూడు గ్రూపుల్లో రెంటి నుంచి బయటకు రండి. మూడోది ఉంచుకోండి, సాధనకు కూడా ఏదో ఒకటి ఉండాలి కదా.

ప్రశ్న: మేడమ్, మహబూబ్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నాను. ఉద్యోగం కావాలన్న కోరిక తృష్ణ అయితే కష్టపడటం ఎందుకు? కోరిక లేకపోతే పుస్తకం ముందు కూర్చోలేను, ఉంటే టెన్షన్.
– ఒక అభ్యర్థి

జవాబు: బిడ్డా, అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం ఉంది కదా, సరైన ప్రయత్నం. దాని నిర్వచనమే ‘ఛందం పుట్టిస్తాడు, ప్రయత్నిస్తాడు’ అని మొదలవుతుంది. కోరిక లేకుండా కూర్చోమని బుద్ధుడు భిక్షువులకే చెప్పలేదు, నీకెందుకు చెబుతాడు? పాఠం అర్థం కావాలన్న కోరిక పుస్తకంలోనే ఉంటుంది. ‘నన్ను సార్ అనాలి, బంధువుల నోళ్లు మూయాలి’ అన్నది పుస్తకం వదిలి ఊళ్లో తిరుగుతుంటుంది. టెన్షన్ ఈ రెండోదాని ఖాతాలోది. చదువుతూ మనసు ఊరికి పోయినప్పుడు ‘ఊరికి పోయింది’ అనుకుని మళ్లీ ఆ పేరాకు రా. అలాగే ఎన్నేళ్లు చదవాలో, ఏ తేదీన ఆపాలో ఇప్పుడే ఇంట్లో చెప్పి ఉంచు. పైన బోరు రైతుకు చెప్పిన కాగితమే ఇదీ.

ప్రశ్న: మా ఫణిగిరి కొండ మీది పాత బౌద్ధ విహారం దగ్గర కుండెడు నాణేలు దొరికాయి. తృష్ణ వదలమన్న భిక్షువుల దగ్గర అంత డబ్బెందుకు? మా ఊరి కుర్రాళ్లు నవ్వుతున్నారు.
– ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: నవ్వనివ్వండి, మంచి ప్రశ్నే. 2024లో తవ్వకాల్లో దొరికిన ఆ మట్టి కుండలో ఉన్నవి 3,730 నాణేలు, అన్నీ సీసానివి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. సీసం అంటే చిల్లర. కుండెడు అంటే వినడానికి బంగారంలా ఉంటుంది గానీ, కోట్ల కథ కాదు. పెద్ద విహారం ఉన్నచోట దాతలు, వర్తకులు, పనివాళ్లు అందరూ తిరుగుతుంటారు.

భిక్షువు వెండి బంగారాలు ముట్టుకోకూడదని వినయంలో, అంటే భిక్షువుల నడవడి నియమాల్లో, ఉన్న మాట వాస్తవం. ఆ నియమం దగ్గరే పెద్ద తగాదా జరిగింది. బుద్ధుడి పరినిర్వాణం తర్వాత దాదాపు వందేళ్లకని చెబుతారు. వైశాలిలో కొందరు భిక్షువులు ఉపోసథం అనే వ్రత దినాన కంచు పాత్రలో నీళ్లు పోసి నడుమ పెట్టి, సంఘానికి నాణేలు వేయండని గృహస్థులను అడిగారు. యసుడనే భిక్షువు ‘వేయకండి, ఇది తగదు’ అని అందరి ముందే అన్నాడు. ఆయన వాటా ఆయనకు ఇవ్వబోతే వద్దన్నాడు. గొడవ ముదిరి పది అంశాల మీద రెండో సంగీతి, అంటే భిక్షువుల మహాసభ, జరిగింది, నాణేలు తీసుకోవడం తప్పని తేల్చారు. అంటే తృష్ణ భిక్షువు కట్టే చీవరం చూసి భయపడి పారిపోదని ఆ సంఘానికి మొదటి నుంచీ తెలుసు. నాణేల వాన కురిసినా కోరికలకు తృప్తి లేదని ధమ్మపదంలో ఉంది. మీ కుర్రాళ్లకు ఆ కుండ ఎదురుగా నిలబడి ఈ మాట చెబితే సరిపోతుంది. అటుపైన ఫణిగిరిలోనే దొరికిన తోరణం మీది బుద్ధుడి జీవిత శిల్పాల గురించి కూడా చెప్పండి, 2023లో అవి న్యూయార్క్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లొచ్చాయి. ఊళ్లో ఉన్నవాళ్లే చూడకపోతే ఎలా?

ప్రశ్న: మీరు ప్రతిసారీ ఎరుక, ఎరుక అంటారు. ఎక్కడ నేర్పుతారు? ఫీజెంత?
– ఒక ఉద్యోగి, మిర్యాలగూడ

జవాబు: మీకు దగ్గర్లోనే, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున అనే విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది, గోయెంకా గారి పద్ధతి. శిబిరం పది రోజులు. ఫీజు లేదు, ముందు చేసిన వాళ్లు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. ఫోన్ వాళ్ల దగ్గర పెట్టాలి. పదో రోజు దాకా తోటివాళ్లతో మాట, సైగ కూడా ఉండవు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి రాకపోకలు గమనించడమే, తర్వాత ఒంట్లో కలిగే స్పందనలు.

పది రోజుల సెలవు దొరకనివాళ్లు ఇంట్లోనే పొద్దున కాసేపు ఊపిరిని చూస్తూ కూర్చోవచ్చు. గొప్ప అనుభవాలు రావాలని మాత్రం చూడకండి, అది ఇంకో రకం బోరు. ఇంట్లో గొడవ పడి కోపంతో శిబిరానికి పోవద్దు, ఆ గొడవ మీ పక్కనే కూర్చుని పది రోజులూ మాట్లాడుతుంది. కొత్తవాళ్లకు పగటి భోజనం పదకొండింటికి, సాయంత్రం పండ్లు, టీ మాత్రమే. షుగర్ మందులు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరును అడిగి, ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి.